స్విచ్చి లేని ఫ్యాను

రాప్తాడు దాటి హైవే మీద కొంత దూరం పోతే ఎడమ పక్కన పలుగురాయి మిల్లు ఒకటి ఉండేది. లారీల్లో వచ్చిన తెల్లరాళ్లను క్రషరు నమిలి ముక్కలు చేసేది. ఆ ముక్కలు మిల్లులో పడి మైదాపిండి మాదిరి మెత్తటి పొడై, గొట్టం గుండా సంచుల్లోకి దిగేవి. గాజు ఫ్యాక్టరీలకు, పింగాణీ ఫ్యాక్టరీలకు ఆ పొడి పోయేది.

అక్కడ ఫిట్టరు శ్రీరంగప్ప. అంతకు ముందు అనంతపురంలో బుడ్డల మిల్లులో, వేరుశనక్కాయలు ఒలిచేచోట, పద్దెనిమిదేండ్లు చేసినాడు. వానలు లేక, బుడ్డలు రాక ఆ మిల్లుకు తాళం పడినాక ఇక్కడికి వచ్చినాడు. మిషను శబ్దం విని ఏ బేరింగు పోయిందో చెప్పగలడు. ఓర్పు మాత్రం తక్కువ. ఎవరన్నా నట్టు వదులుగా బిగిస్తే వాళ్లను తిట్టి, విప్పి, మళ్లీ తానే బిగించుకునేవాడు.

సంచులు నింపే గొట్టం కాడ ఆరేండ్లుగా విజయభాస్కర్ పని. ముప్పై నిండని మనిషి. వచ్చిన కొత్తలో సంచిని భుజానికెత్తుకొని పరుగున లారీ ఎక్కించేవాడు. ఆరో ఏడు వచ్చేసరికి ఉత్త చేతులతో నాలుగడుగులు వేసినా మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని నిలబడిపోయేవాడు. టీబీ అన్నారు. ఆర్నెల్లు మాత్రలు మింగినాడు. తగ్గలేదు. మళ్లీ మొదటి నుంచీ మింగించినారు. చివరికి బెంగళూరులో ఒక డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, రాతిపొడి చేరి ఊపిరితిత్తులు గట్టిపడిపోయినాయని, పోయిన ఊపిరిని తెచ్చే మందు లేదని చెప్పినాడు. ఆ మిల్లు వైపు ఇంక పోవద్దన్నాడు.

విజయభాస్కర్ మంచానికి చేరిన వారానికి అతని భార్య ఎస్తేరు అదే గొట్టం కాడికి పనికి వచ్చింది.

శ్రీరంగప్ప ఆమెను చూసి చేతిలో స్పానరు కింద పెట్టేసినాడు.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా ఎస్తేరూ? మొగుణ్ణి తినేసిన జాగా ఇది. నువ్వేంటికి వచ్చినావు?"

"మల్ల యాడికి పోవల్లన్నా?" అంది ఆమె సంచి మూతి విప్పుతూ. "మూడేండ్లాయ చేన్లో ఇత్తనం పడక. కూలికి పిలిచేవాళ్లు ఎవరుండారు? ఈడయితే మా ఆయప్ప పేరు మీద నాకు పని ఇచ్చినారు. అదే గొప్ప."

మిల్లు ఆన్ చేసినారు. రెండు నిమిషాల్లో ఎస్తేరు నల్లటి జుట్టు తెల్లగా అయింది, కనుబొమ్మలు తెల్లగా అయినాయి. ఆమె కొంగు ముక్కుకు చుట్టుకుంది. ఆ కొంగు ఎంతకు ఆపుతుందో తెలుసుకోవాలని ఆ రోజు మధ్యాహ్నం శ్రీరంగప్ప ఆమెను పక్కకు లేపి, తానే టువాలు రెండు మడతలు చుట్టుకొని గంటసేపు సంచులు నింపినాడు. తర్వాత బయటికి పోయి ముక్కు చీదితే తెల్లటి ముద్ద పడింది.

ఆ సాయంత్రమే ఓనరు లక్ష్మీపతి గదిలోకి పోయినాడు. లక్ష్మీపతి చెడ్డమనిషేం కాదు. పండగకు అందరికీ బట్టలు పెట్టేవాడు, విజయభాస్కర్‌ను బెంగళూరుకు తన కారులోనే పంపినాడు. అయితే ఏ మాట చెప్పినా వింటూనే ఫోను తిప్పుతూ ఉంటాడు.

"దుమ్ముకేమన్నా చేయల్ల సార్."

"చేద్దాంలేప్పా," అన్నాడు.

నాలుగు రోజులకు అట్టపెట్టె నిండా పల్చటి కాగితం మాస్కులు వచ్చినాయి. వాటి ఎలాస్టిక్ చెవులను కోసేది. చెమటకు గంటలోనే తడిసి ముఖానికి అంటుకుపోయేవి. పక్కల నుంచి పొడి మామూలుగానే లోపలికి పోయేది. మూడో రోజుకు వాటిని ఎవరూ కట్టుకోలేదు. శ్రీరంగప్ప మళ్లీ పోతే లక్ష్మీపతి చేతులు ఎత్తినాడు. "తెచ్చిచ్చినా. వాళ్లు కట్టుకోకపోతే నేనేం జేయల్ల? ముక్కులు పట్టుకొని కట్టాల్నా?"

సరే, నీళ్లతో అణచుదామనుకున్నాడు శ్రీరంగప్ప. దుమ్ము లేచే చోటల్లా సన్నగా నీళ్లు చిమ్మితే అది అక్కడే కూర్చుంటుంది. చేన్లకు మందు కొట్టే స్ప్రేయరు మూతులు నాలుగు తెచ్చి, పైపుకు బిగించి, క్రషరు నోటి మీద పెట్టినాడు. మిల్లు బోరు అప్పటికే ఎండిపోయింది. రోజుకొక ట్యాంకరు తెప్పించేదానికి లక్ష్మీపతిని ఒప్పించేసరికి శ్రీరంగప్ప నాలుక ఎండిపోయింది. ట్యాంకరు వచ్చింది. మొదటి రోజు క్రషరు కాడ దుమ్ము సగానికి సగం తగ్గింది.

రెండో రోజు ట్యాంకరు మిల్లుకు చేరలేదు. ఊరి మలుపులో ఆడవాళ్లు అడ్డంగా బిందెలు పెట్టి కూర్చున్నారు. అందరికంటే ముందు తిప్పమ్మ. శ్రీరంగప్పకు వరసకు పెద్దమ్మ, చిన్నప్పుడు అతన్ని చంకనెత్తుకొని తిరిగిన మనిషి.

"ఏమిరా శ్రీరంగా, ఇవి యాడికి పోతాండాయి?"

"మిల్లుకు పెద్దమ్మా. దుమ్ము లేయకుండా..."

"తాగేకి నీళ్లు లేవురా మాకు. ఎనిమిది దినాలకొక తూరి వస్తాది మా ట్యాంకరు. ఇంటికి నాలుగు బిందెలు. నువ్వు రాళ్లకు స్నానం చేయిస్తాండావా?"

"రాళ్లకు కాదు పెద్దమ్మా, ఆడ పనిచేసేటోళ్ల ఊపిరికి. విజయభాస్కర్‌ను చూసినావు గదా."

"చూసినా. పాపమే. అట్లని నా మనవరాలు ఎండి సావల్లనా? నువ్వే చెప్పు."

ఆడవాళ్లు ట్యాంకరు కొళాయి తిప్పి బిందెలు పట్టుకుంటుంటే అతను రోడ్డు పక్కన నిలబడి చూసినాడు. అతనికి తిప్పమ్మ మీద కోపం రాలేదు. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక వచ్చేటప్పుడు దారిలో కనపడిన రాళ్లన్నిటినీ కాలితో తన్నుకుంటూ వచ్చినాడు. ఎట్లాగూ ఆ నీళ్లు క్రషరు వరకే. సంచుల కాడ తడి తగిలితే పొడి ముద్దకడుతుంది, అది గాజు ఫ్యాక్టరీకి పనికిరాదు. ఎస్తేరు కూర్చునేచోట నీళ్లు ఏనాటికీ పనిచేయవు.

ఇక మిగిలింది గాలి. దుమ్మును మనిషి ముక్కు దాకా రానీయకుండా పుట్టినచోటే పీల్చేయాలి. బుడ్డల మిల్లులో పొట్టును ఎగరగొట్టే పెద్ద ఫ్యాను ఉండేది. ఆ పాత మిల్లు వాచ్‌మన్ తెలిసినవాడే. తుప్పు సామాన్ల కిందికి పోయే ఆ ఫ్యానును అడిగి తెచ్చుకున్నాడు. ఊదే పక్క కాకుండా పీల్చే పక్కకు రేకు గొట్టం బిగించినాడు. సంచి నింపే గొట్టం చుట్టూ గొడుగు మాదిరి రేకు తొడుగు కట్టి, దానికి ఈ గొట్టం కలిపినాడు. పీల్చిన పొడి మళ్లీ బయటికి ఎగరకుండా గట్టి గుడ్డతో తలదిండు గలీబుల మాదిరి ఆరు పొడుగాటి సంచులు కావలసి వచ్చినాయి. వాటిని అతని భార్య హేమావతి కుట్టింది.

"రెండు కుట్లు వేసినా," అంది ఆమె. "పగిలితే నన్నడగాకు, నీ ఫ్యానును అడుగు."

నెల పట్టింది. ఆదివారాలు కూడా పోయినాడు. తొడుగు మొదట పైకెక్కువై పొడిని లాగలేదు. కిందికి దించితే సంచి మార్చేటప్పుడు ఎస్తేరు చేతికి తగిలేది. పక్కకు వంచినాడు. ఒక సోమవారం పొద్దున అన్నీ కుదిరినాయి. మిల్లు తిరిగింది, ఫ్యాను తిరిగింది. గొట్టం నుంచి పొడి దిగుతూనే ఉంది, పక్కకు లేచినది లేచినట్టే తొడుగులోకి పోతూ ఉంది. కంట్లో నలకంత కూడా బయటికి రాలేదు. మధ్యాహ్నం అన్నం గంటకు ఎస్తేరు బయటికి వస్తే ఆమె కనుబొమ్మలు నల్లగానే ఉన్నాయి. తోటి ఆడవాళ్లు ఆమెను చూసి నవ్వినారు.

"పనికి పోయినట్లే లేవు గదమ్మే, పెండ్లికి పోయొచ్చినట్లుండావు!"

ఎస్తేరు క్యారియరులో ఉన్న పచ్చడి శ్రీరంగప్పకు కూడా పెట్టింది.

పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు లక్ష్మీపతి పిలిచినాడు.

"బాగా చేసినావప్పా, కాదనను. అయితే దానికి మూడు హార్స్‌పవర్ పోతాంది. మనకిచ్చే కరెంటే అంతంతమాత్రం. ఓల్టేజీ పడిపోయి మిల్లు మోటరు కాలితే ఎవరు చూసేది? మెత్తటి పొడంతా నీ గుడ్డసంచుల్లోకే పోతాంది. రోజూ నడపాల్సిన పని లేదు. నేను చెప్పినప్పుడు ఏద్దాం."

"ఎప్పుడు చెప్తారు సార్?"

"చెప్తాలే."

చెప్పినాడు. వారం తర్వాత ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు జీపు వచ్చిన రోజున చెప్పినాడు. పొద్దున ఎనిమిదికే ఫ్యాను ఆన్ అయింది. కాగితం మాస్కుల పెట్టె మళ్లీ బయటికి వచ్చింది. ఇన్‌స్పెక్టరు ముసలాయన, నిదానంగా నడిచేవాడు. తొడుగులో చెయ్యి పెట్టి గాలి ఎంత లాగుతోందో చూసినాడు.

"ఎవరు చేసినారు ఇది?"

"మా ఫిట్టరే సార్," అన్నాడు లక్ష్మీపతి అతన్ని ముందుకు తోసి.

"పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో కూడా ఇట్లాంటిది పెట్టమంటే పెట్టరయ్యా. చాలా బాగా చేసినావు." ఇన్‌స్పెక్టరు కాగితం రాసినాడు. దుమ్ము పీల్చే యంత్రం అమర్చబడి పనిచేయుచున్నది అని. కింద అమర్చినవాడి సంతకం కావాలన్నాడు. ఇన్నేండ్ల సర్వీసులో శ్రీరంగప్ప చేసిన పనిని ఎవరూ ఇట్లా మెచ్చుకోలేదు. అతను సంతోషంగా సంతకం చేసినాడు.

జీపు హైవే ఎక్కిందో లేదో ఫ్యాను ఆగింది. లక్ష్మీపతి దాని ఫ్యూజు పీకి తన టేబులు సొరుగులో వేసుకున్నాడు.

"ఫొటోకు నిలబడినట్ల నిలబడినాం గదన్నా," అంది ఎస్తేరు కొంగు ముక్కుకు చుట్టుకుంటూ.

ఆ మాట అతనికి రెండు రోజులు మింగుడుపడలేదు. ఫ్యూజు గురించి లక్ష్మీపతిని మూడుసార్లు అడిగినాడు. మొదటిసారి రేపన్నాడు. రెండోసారి కరెంటు బాగుపడనీ అన్నాడు. మూడోసారి లక్ష్మీపతి ఫోనులోంచి తల కూడా ఎత్తలేదు.

ఎండాకాలం నడిమధ్యలో విజయభాస్కర్ చనిపోయినాడు. చివరి నెల పడుకుంటే ఊపిరాడక, గోడకు దిండు పెట్టుకొని కూర్చునే ఉండేవాడు. శ్రీరంగప్ప చూడ్డానికి పోతే మాట్లాడేదానికి ఒక్కొక్క మాటకు ఆగాల్సి వచ్చింది. "అన్నా... ఆ ఫ్యాను... బాగుందంట గదా," అన్నాడు. బాగుందనే అన్నాడు శ్రీరంగప్ప. ఆగిపోయిందని చెప్పలేకపోయినాడు.

నష్టపరిహారం కోసం ఎస్తేరు అర్జీ పెట్టింది. విచారణకు సాక్షిగా శ్రీరంగప్ప అనంతపురం ఆఫీసుకు పోయినాడు. సీలింగు ఫ్యాను కింద ఒక టేబులు, దాని వెనక ఒక ఆఫీసరు. ఫైలు తెరిచి మొదటి కాగితమే అతని ముందర పెట్టినాడు.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే సార్."

"దుమ్ము పీల్చే యంత్రం ఉందని నువ్వే రాసిచ్చినావు. మళ్లీ దుమ్ముతో చనిపోయినాడని నువ్వే చెప్తాండావు. ఏది నిజం?"

"రెండూ నిజమే సార్. అది నేను పెట్టినప్పటికే ఆ మనిషి మంచం పట్టినాడు. అదీ నడిచింది పదకొండు దినాలే. ఇన్‌స్పెక్టరు పోయినాక ఫ్యూజు పీకేసినారు."

"పీకేసినారని రాతపూర్వకంగా ఎవరికన్నా ఫిర్యాదు ఇచ్చినావా?"

"ఓనరునే అడిగినా సార్, మూడు తూర్లు."

"కాగితం ఉందా అంటాండా."

"లేదు సార్."

"సరే. నువ్వు యంత్రం పెట్టక ముందు దుమ్ము ఎంత ఉండిందో కొలిచిన రిపోర్టు ఏమన్నా ఉందా?"

"కొలిచేదేంటికి సార్, కండ్లకు కనపడతాండ్య. మనుషులు తెల్లగా అయిపోయేవాళ్లు."

ఆఫీసరు నిట్టూర్చినాడు. అతను కూడా విసుగుపడిన మనిషి మాదిరే ఉన్నాడు. "కండ్లకు కనపడింది ఫైల్లో పెట్టేదానికి లేదయ్యా. ఫైల్లో ఉండేది టీబీ కార్డు. ఆర్నెల్లు రెండు తూర్లు మందులిచ్చినట్లు. బెంగళూరు డాక్టరు చీటీ ఉంది, అది ప్రైవేటుది, మెడికల్ బోర్డు కాదు. నేను పైకి రాస్తా. ఏమవుతుందో చెప్పలేను."

బయట మెట్ల మీద ఎస్తేరు కూర్చుని ఉంది. శ్రీరంగప్ప ఆమె పక్కన నిలబడి తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

"నేను చేసిన పనిని నా మెడకే కట్టినారు ఎస్తేరూ. నేను ఆ రేకులు వంచకపోయుంటే వాళ్ల చేతుల్లో ఏ కాగితమూ ఉండేది కాదు."

"నువ్వు మంచికే చేస్తివన్నా," అంది ఆమె. "అయినా ఫ్యూజు వాళ్ల కాడ ఉంటే మనం ఏం చేసేకి అయితాది?"

బస్సులో వస్తూ అతను ఆ మాటే ఆలోచించినాడు. ఫ్యూజు ఉంటే కదా పీకేది. స్విచ్చి ఉంటే కదా ఆపేది.

కరెంటు కోత ఉండే రోజు చూసుకున్నాడు. లక్ష్మీపతి ఆ రోజు ఊర్లో లేడు. ఫ్యానుకున్న మోటరును విప్పి పక్కన పెట్టినాడు. మిల్లు తిప్పే పెద్ద షాఫ్టు చివరన కప్పీ ఒకటి బిగించి, దాని నుంచి ఫ్యానుకు బెల్టు వేసినాడు. చేత్తో తిప్పి చూసినాడు. మిల్లు తిరిగితే ఫ్యానూ తిరుగుతుంది. ఫ్యానును ఆపాలంటే మిల్లునే ఆపాలి. ఎక్కడా స్విచ్చి లేదు.

మరుసటి రోజు మిల్లు లేస్తూనే ఫ్యాను లేచింది. ఎస్తేరు తొడుగు కింద చెయ్యి పెట్టి గాలి లాగడం చూసి కొంగు విప్పేసింది. పదిన్నరకు లక్ష్మీపతి వచ్చినాడు. కాసేపు ఫ్యాను చుట్టూ తిరిగినాడు.

"దీనికి స్విచ్చి యాడప్పా?"

"లేదు సార్. మిల్లు నడిస్తే అదీ నడుస్తాది."

"ఎవరిని అడిగి చేసినావు?"

"అడిగితే అయ్యేది కాదని అడగలేదు సార్."

లక్ష్మీపతి ముఖం ఎర్రబడింది. "మిల్లు నాదా, నీదా? బెల్టు తీసెయ్."

"నేను తీయను సార్. మీరు తీసుకోండి."

అప్పటిదాకా లక్ష్మీపతిని ఎవరూ అట్లా ఎదిరించలేదు. మిల్లు ఆపించి, గదిలో నుంచి బ్లేడు తెచ్చి తానే బెల్టు కోసేసినాడు. తెల్లచొక్కా చేతుల మీద గ్రీజు అంటింది. "నువ్వు ఇంటికి పోప్పా," అన్నాడు, కేక వేయకుండానే. "నీ సామాను తీసుకొని పో."

శ్రీరంగప్ప స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి డబ్బాలో పెట్టుకున్నాడు. మిల్లు మళ్లీ ఆన్ చేసినారు. పొడి గుప్పున లేచింది. అప్పుడు ఎస్తేరు గొట్టానికి తగిలించిన సంచిని విప్పి, మూతి కట్టి, లేచి వచ్చి షెడ్డు బయట నీడలో కూర్చుంది.

"ఏమ్మా, నీకేమయింది?" అన్నాడు లక్ష్మీపతి.

"బెల్టు ఏస్తే వస్తా సార్."

తోటి ఆడవాళ్లు నలుగురిలో ఇద్దరు ఆమె పక్కన వచ్చి కూర్చున్నారు. మిగతా ఇద్దరు ఎటూ తేల్చుకోలేక తలుపు కాడే నిలబడినారు. క్రషరు కాడి మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని రాళ్లు వేయడంలో పడినారు. పొడి కోసం వచ్చిన లారీ సగం నిండి నిలబడి ఉంది. డ్రైవరు గంటకొకసారి హారన్ కొట్టినాడు. మధ్యాహ్నం మూడు గంటల దాకా లక్ష్మీపతి చూసినాడు. వేరేవాళ్లను పిలిస్తే వచ్చేవాళ్లున్నారు, కానీ ఆ రోజుకు లేరు. చివరికి ఎలక్ట్రీషియన్‌ను పంపి కొత్త బెల్టు తెప్పించి వేయించినాడు. ఎస్తేరు పోయి మళ్లీ సంచి తగిలించింది.

శ్రీరంగప్పను మాత్రం వెనక్కి పిలవలేదు. అతను అనంతపురంలో మోటర్లు రిపేరు చేసే షాపులో చేరినాడు. ఎండిపోయిన బోర్ల నుంచి తీసుకొచ్చిన మోటర్లు వరసగా పడి ఉండేవి అక్కడ. హేమావతి రెండు వారాలు అతనితో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత, "బెల్టు నడుస్తాందా?" అని ఆమే అడిగింది.

ఎస్తేరు అర్జీకి జవాబు ఆ ఏడు రాలేదు. మరుసటేడు వచ్చింది. మరిన్ని ఆధారాలు సమర్పించవలెను అని ఉంది అందులో.

ఒక ఆదివారం చర్చి అయినాక ఎస్తేరు శ్రీరంగప్ప ఇంటికి వచ్చింది. గుడ్డసంచులు రెండు చినిగిపోయినాయని, పొడి వెనక నుంచి ఎగురుతోందని చెప్పింది. కొత్త ఫిట్టరుకు అది పట్టదు. హేమావతి కుట్టుమిషను ముందర కూర్చుంది. శ్రీరంగప్ప గుడ్డ కొలతలు, కట్టే విధానం, ఎన్ని నెలలకు మార్చాలో అంతా నేల మీద బొగ్గుతో గీసి చూపించినాడు. ఎస్తేరు రెండుసార్లు తిరిగి చెప్పింది. రెండోసారి తప్పు చెప్తే, అతను ఎప్పటి మాదిరే కసురుకున్నాడు.

"క్రషరు కాడ ఏమన్నా చేయొచ్చా అన్నా?" అని పోతూ పోతూ అడిగింది. "ఆడ సుబ్బన్నకు దగ్గు పట్టుకుండాది."

"అంత పెద్ద నోటికి ఈ ఫ్యాను చాలదు. ఆడికి నీళ్లే కావల్ల," అన్నాడు. "నీళ్లు యాడుండాయి?"

ఆ వారమే ఏదో పని మీద ధర్మవరం పోతూ బస్సు కిటికీ నుంచి మిల్లును చూసినాడు. సంచుల షెడ్డు పక్క గాలి తేటగా ఉంది. క్రషరు పక్క మాత్రం తెల్లటి మేఘం మామూలుగానే లేస్తూ ఉంది. అందులో తలకు టువాళ్లు చుట్టుకున్న ఇద్దరు మనుషులు వంగి రాళ్లు ఎత్తి వేస్తున్నారు. వాళ్లలో సుబ్బన్న ఎవరో ఆ తెలుపులో గుర్తుపట్టలేకపోయినాడు. పక్కసీటాయన, "వాన పడుతుందంటావా అన్నా ఈ ఏడన్నా?" అని అడిగితే, "నాకేం తెలుసప్పా!" అని గట్టిగా అనేసి, ఆయన నొచ్చుకున్నాడని తెలిసినా మిల్లు కనుమరుగయ్యేదాకా కిటికీలోంచి వెనక్కే చూసినాడు.